మొక్క లెక్కకొచ్చింది, మట్టి రాలేదు

హైదరాబాద్ శివార్లలో కోకాపేట, నార్సింగి వైపు చాలా సైట్లలో ఒకటే వరస. ముందు జేసీబీ దిగుతుంది, ఉన్న వేపలూ కానుగలూ పోతాయి. కొన్నేళ్లకు అపార్ట్‌మెంట్లు లేస్తాయి, ప్రహరీ వెంట నడుమెత్తు మొక్కలు నిలబడతాయి.

నిబంధనలు లేక కాదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి, బదులు మొక్కలు నాటాలి. 2012 నాటి భవన నిబంధనలు (జీఓ 168) ప్రహరీ లోపల మొక్కల కోసం కనీసం మీటరు వెడల్పు పట్టీ వదలమంటాయి, హైరైజ్‌లకైతే రెండు మీటర్లు. ఇవి ఉండాల్సినవే. అయితే లెక్కంతా మొక్కలది, మీటర్లది. మట్టి సంగతి అడిగేవారు తక్కువ.

వేళ్లన్నీ నిలువునా లోతుకు దిగిపోతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ వేళ్లు పై మీటరు మట్టిలోనే ఉంటాయి, కొమ్మల అంచు దాటి పక్కలకు పాకుతాయి. వేరుకు నీళ్లే కాదు, గాలీ కావాలి. అది దొరికేది పైపొరలోనే. హైదరాబాద్‌లో చాలాచోట్ల పల్చటి ఎర్రమట్టి, కింద మొరం, ఆ కింద గ్రానైట్. ఉన్న ఆ కాస్త మట్టీ సెల్లార్ తవ్వకంలో లారీలెక్కి పోతుంది. చివర్లో పట్టీ నింపేది ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు కలిసిన మట్టితో. సిమెంటు సున్నం వల్ల మట్టిలో క్షారం పెరుగుతుంది, అందులో ఇనుము ఉన్నా వేరుకు అందదు. లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. ఎరువు ఎంత వేసినా అలాంటి మొక్క తేరుకోవడం కష్టం.

పాత చెట్టును ఉంచామని చెప్పుకునే చోట కూడా చూడాల్సింది సెల్లార్ గోతి అంచునే. బొటనవేలంత వేళ్లు తెగి బయటికి కనిపిస్తుంటే ఆ పక్క చెట్టుకు పట్టు పోయినట్టే. ఏప్రిల్, మే ఈదురుగాలులకు అలాంటివి కూలితే తప్పు చెట్టు మీద పడుతుంది. చాలా అన్యాయం.

పది మీటర్ల వెడల్పు గొడుగున్న చెట్టు నీడ సుమారు 78 చదరపు మీటర్లు. మీటరు వెడల్పు మొక్కది ఒక చదరపు మీటరు కూడా ఉండదు. అంటే ఒక పెద్ద చెట్టుకు నూరు మొక్కలు నాటితే నీడ సరిపోతుంది. నూరు మొక్కలకు ఆ ప్లాట్‌లో చోటేదీ? చల్లదనమూ అంతే. ఆకుల నుంచి 100 లీటర్ల నీరు ఆవిరైతే అది లాక్కునే వేడి, ఒకటిన్నర టన్ను ఏసీ పదమూడు గంటల్లో గదిలోంచి తోసేసే వేడితో సమానం.

అందుకే అనుమతికి ఇచ్చే ప్లాన్‌తో పాటు సైట్‌లోని ప్రతి చెట్టూ, దాని గొడుగు అంచూ మ్యాపు మీద గీసి ఇవ్వాలని నా కోరిక. జేసీబీ రాకముందే ఆ అంచు చుట్టూ కంచె వేయించాలి. పైమట్టిని ఒక మూల కుప్పపోయించి, పని అయ్యాక అదే వాడించాలి. ఇందులో బిల్డర్‌కు మోయలేని ఖర్చేమీ లేదు.