మోకీలు పొరలో కణితి: అపోహలు – వాస్తవాలు

మోకీలు లోపలి పలుచని పొరలో పుట్టే ఈ కణితిని ఇప్పుడు టీజీసీటీ అంటున్నాం. చాలా రిపోర్టుల్లో ఇంకా పీవీఎన్ఎస్ అనే పాత పేరే కనిపిస్తుంది. రెండూ ఒకటే. ఎక్కువగా యువతలో, నడివయసు వారిలో చూస్తాం.

అపోహ: కణితి అన్నారంటే క్యాన్సరే.

కాదు. ఇది క్యాన్సర్‌గా మారడం, ఇతర అవయవాలకు పాకడం అత్యంత అరుదు. గడ్డలో అసలు కణితి కణాలు కొన్నే ఉంటాయి. అవి సీఎస్ఎఫ్1 అనే ప్రొటీన్‌ను అతిగా తయారుచేసి, శరీరంలోని రక్షక కణాలను అక్కడికి రప్పించుకుంటాయి. గడ్డలో ఎక్కువ భాగం అలా వచ్చి చేరినవే.

అపోహ: క్యాన్సర్ కాదు కదా, వాచినప్పుడల్లా నీరు తీయించుకుంటే చాలు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే మాట ఇది. పెరిగిన పొర నుంచి పదేపదే రక్తం కారుతుంది. అందులోని ఇనుము అక్కడే పేరుకుంటుంది. అందుకే సిరంజిలోకి వచ్చే ద్రవం చాలాసార్లు తుప్పు నీళ్లలా ఉంటుంది. దెబ్బ తగలకుండానే అలాంటి ద్రవం వచ్చిందంటే ఎంఆర్ఐ తీయించాలి. ఆ ఇనుము వల్లే గడ్డ ఫిల్ములో నల్లగా కనిపిస్తుంది. నీరు తీస్తే బిగువు తగ్గుతుంది గానీ పొర అలాగే ఉంటుంది. ఏళ్లు గడిస్తే మృదులాస్థిని, ఎముకను తొలిచేస్తుంది. చిన్న వయసులోనే కీలు మార్పిడి గురించి మాట్లాడవలసి రావడం ఎంత కష్టమో ఆలోచించండి.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఒకే మోకాలు నెలల తరబడి వాచి ఉంటే టీబీ అని అనుమానిస్తారు. అనుమానించడం సరైనదే. కానీ వీలున్నా బయాప్సీ చేయకుండా నెలల తరబడి టీబీ మందులు వాడించడం సరికాదు. పొరలోంచి తీసిన ముక్కలను సూక్ష్మదర్శిని పరీక్షకూ, టీబీ పరీక్షలకూ పంపితే సంగతి తేలుతుంది.

అపోహ: రెండు చిన్న రంధ్రాలతో అయిపోయే ఆపరేషన్.

ఒకేచోట ముద్దగా ఉన్న రకంలో చాలావరకు నిజమే. మొత్తంగా తీసేస్తే తిరిగి రావడం తక్కువ. పొరంతా అల్లుకున్న రకం అలా కాదు. అది చిప్ప పైనున్న సంచిలోకి, లిగమెంట్ల వెనక్కి, మోకాలి మడత వైపుకీ చేరుతుంది. ఆ వెనక భాగంలోనే కాలికి రక్తం తీసుకెళ్లే ప్రధాన ధమని, పక్కనే పెద్ద నరం ఉంటాయి. అందుకే ముందు వైపు ఆర్థ్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి తీసినా, వెనక్కి వ్యాపించిన దానికి తరచూ కోత పెట్టాల్సి వస్తుంది. "వెనక ఉన్నది ఎలా తీస్తారు?" అని మీ సర్జన్‌ను తప్పక అడగండి. రెండోసారి తెరిచినప్పుడు అతుకులు, మచ్చల మధ్య పని మరింత కష్టం.

అపోహ: మళ్లీ వచ్చిందంటే ఆపరేషన్ సరిగా చేయలేదు.

అల్లుకున్న రకం ఎంత జాగ్రత్తగా తీసినా చాలామందిలో తిరిగి వస్తుంది. నొప్పి లేకపోయినా చెప్పిన గడువుకు ఎంఆర్ఐ తీయించుకోండి.

అపోహ: మాత్రలు వచ్చాయి, ఇక ఆపరేషన్ అక్కర్లేదు.

అమెరికాలో 2019లో పెక్సిడార్టినిబ్‌కు, 2025లో విమ్‌సెల్టినిబ్‌కు అనుమతి వచ్చింది. ఆపరేషన్‌తో మేలు కలగదనుకున్న, లేదా దానివల్ల ఇబ్బంది మరింత పెరగవచ్చనుకున్న వారికోసం అవి. మొదటిదానితో కాలేయానికి తీవ్రమైన హాని జరగవచ్చు. ఒకేచోట ఉన్న ముద్దకు ఆపరేషనే తగిన చికిత్స.

అపోహ: ఆపరేషన్ తర్వాత కాలు కదపకూడదు.

పొర తీసిన కీలు త్వరగా బిగుసుకుంటుంది. సర్జన్ అనుమతించిన రోజు నుంచే మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, తొడ కండరం బిగించి, మోకాలి వెనక భాగాన్ని పరుపు వైపుకు కిందికి నొక్కండి. వంచడం ఎంత ముఖ్యమో, పూర్తిగా చాచగలగడం కూడా అంతే ముఖ్యం.