ఆకులు లెక్కపెట్టగలిగితే చక్రం ఆగినట్టే

కర్నూలులో హంద్రీ నదిని అక్విడక్టు (కాలువ వంతెన) మీదుగా దాటే కె.సి. (కర్నూలు-కడప) కాలువను ఒక సాయంత్రం ఫోనుతో ఫొటో తీశాను. ఫోనును గోడకు ఆనించి, షట్టరు నాలుగు సెకన్లు తెరిచి ఉంచాను. సుడులు తిరిగే నీళ్లు పాలమీగడలా పరుచుకున్నాయి. గట్టు వెంట సైకిలు తొక్కుతూ పోయిన మనిషి అసలు పడనే లేదు. 1850ల్లో ఇంగ్లండు, వేల్సు ఔత్సాహికులు ఏటి ఒడ్డున తీసిన నీటిమరల ఫొటోలను చదివే కిటుకు ఇదే.

అప్పటి కాగితపు నెగటివుకు మంచి ఎండలో కూడా నిమిషాల తరబడి వెలుతురు కావాలి. 1851లో కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసిన గాజుపలక వచ్చాక అది సెకన్లకు దిగింది. కదిలేదేదీ ఒకచోట నిలవదు కనుక పలక మీద దాని జాడ నిలవదు. 1838లో ఫ్రెంచి ఫొటోగ్రాఫరు దగేర్ తీసిన పారిస్ వీధి ఫొటోలో బండ్లూ జనమూ మాయమై, బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డ ఒకాయన మిగిలాడు.

మూడు మీటర్ల నీటిమర చక్రం నిమిషానికి 8 చుట్లు తిరుగుతోందనుకుందాం. పలకకు 10 సెకన్లు వెలుతురు తగలనిస్తే, ఆలోపు అది ఒక చుట్టు పూర్తిచేసి ఇంకా ముందుకు పోతుంది. దాని ఆకులన్నీ కలిసిపోయి బూడిదరంగు పొగ మిగులుతుంది. కాబట్టి ఆకులు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయంటే ఆ వేళ చక్రం ఆగి ఉందన్నమాట. పక్కన నీళ్లు మాత్రం మంచులా మసకబారాయా? తూము మూసి నీటిని దారి మళ్లించి ఉంటారు. మర మూతపడిందా, ఫొటో కోసమే ఆపారా అంటే, చక్రం మీద గడ్డి మొలిచిందేమో వెతకాలి. నాకు ఈ అపరాధ పరిశోధన భలే ఇష్టం.

పక్కన మనిషి నిలబడి ఉంటే చక్రం ఎత్తుకు అతనే కొలబద్ద. ఎత్తూ, పడే నీళ్లూ తెలిస్తే బలం లెక్కకట్టొచ్చు. మూడు మీటర్ల ఎత్తు నుంచి సెకనుకు 100 లీటర్లు పడితే దాదాపు 2.9 కిలోవాట్లు. పైనుంచి నీళ్లు పడే చక్రం అందులో మూడింట రెండు వంతులు రాబడుతుందని 1759లో ఇంగ్లిషు ఇంజనీరు జాన్ స్మీటన్ నమూనాలతో చూపించాడు. అంటే సుమారు 2 కిలోవాట్లు. మా అవ్వ విసుర్రాయి తిప్పిన బలాన్ని 75 వాట్లుగా లెక్కిస్తే, అలాంటి అవ్వలు ఇరవై ఆరుగురు కావాలి! ఏడాదిలో చాలాకాలం ఇసుకమేటగా ఉండే పెన్న ఒడ్డున అలాంటి చక్రాన్ని నమ్ముకుంటే జొన్నరొట్టెకు పిండి దొరకదు.

ఆనాటి పలకలకు నీలి వెలుగు తప్ప ఎరుపు ఆనదు. మన ఎర్రనేల నల్లగా, ఆకాశం తెల్లకాగితంలా పడేవి. పైగా కొలోడియన్ పలక తడి ఆరకముందే పని ముగించాలి. కర్నూలు ఎండలో ఆ అవస్థ ఊహించుకోండి. వేల్సు ఔత్సాహికుడు జాన్ డిల్విన్ లెవెలిన్ 1856లో దానికి తేనె, వెనిగర్ పూత పూశాడు. పలక రోజుల తరబడి పనికొచ్చేది.

నా ఫొటోలో స్పష్టంగా పడిన ప్రాణి గట్టు మీది కొంగ ఒక్కటే. దానికి తలలు మాత్రం రెండు.