పండ్లు, పూలు, తెల్ల చేతిరుమాలు

హాస్టళ్లలో పొద్దుటి ధ్యానం ఓంకారంతో మొదలవ్వాలా, శ్వాసను గమనిస్తే చాలదా అన్న వాదన తిరుపతిలో మళ్లీ రేగింది. పతంజలీ బుద్ధుడూ తెలిసిన కథే కాబట్టి నేరుగా 1970ల నాటి అమెరికాకు వెళ్దాం. ఇక్కడ ఇప్పుడు వినిపిస్తున్న మాటలు అక్కడి కోర్టులో ఎప్పుడో వినిపించాయి.

న్యూజెర్సీలో అయిదు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 1975-76లో మహర్షి మహేశ్ యోగి భావాతీత ధ్యానాన్ని (మంత్రాన్ని మనసులో జపిస్తూ చేసే ట్రాన్సెండెంటల్ మెడిటేషన్) ఐచ్ఛిక పాఠంగా పెట్టారు. ఇది మతం కాదు, శాస్త్రం అన్నారు. దానికి ప్రభుత్వ నిధులూ వచ్చాయి. అయితే మంత్రం కావాలంటే పిల్లలు ఒక ఆదివారం పండ్లు, పూలు, తెల్ల చేతిరుమాలు పట్టుకుని వెళ్లాలి. మహర్షికి గురువైన గురుదేవుల పటం ముందు బోధకుడు సంస్కృతంలో పూజ చదువుతాడు. అది గురువుకు కృతజ్ఞత చెప్పుకోవడమే తప్ప మరేమీ కాదని నిర్వాహకులు వాదించారు. (అలిపిరి దగ్గర పూలమ్మే పిల్లవాణ్ణి అడిగినా అదేమిటో చెప్పేవాడు.) ఆ పాఠం మతపరమైనదేనని 1977లో జిల్లా కోర్టు, 1979లో అప్పీలు కోర్టు తేల్చాయి.

ఆ 1979లోనే మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబత్-జిన్ మొండి నొప్పులతో బాధపడే రోగులకు శ్వాసను గమనించే ధ్యానంలో శిక్షణ ప్రారంభించాడు. తర్వాత అది ఎనిమిది వారాల శిక్షణగా స్థిరపడింది. ఆయన నేర్చుకున్నది బౌద్ధుల దగ్గరే. ఆసుపత్రిలోకి మాత్రం పటం, మంత్రం, పునర్జన్మ ఏవీ రాలేదు. రోగి ఏదీ నమ్మనక్కర్లేదు, చేసి చూస్తే చాలు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. అంతవరకూ ప్రచారంగా ఉన్న ‘మతం కాదు’ అన్న మాట ఇక్కడ ఆచరణ అయింది. ఇలాంటి శిక్షణతో ఆందోళన, కుంగుబాటు, నొప్పి కొంత తగ్గుతాయనడానికి ఓ మోస్తరు ఆధారం ఉందని 47 ప్రయోగాలను కలిపి చూసిన 2014 నాటి సమీక్ష చెప్పింది. అద్భుతమేమీ కాదు, కానీ ఆ కాస్త మేలుకు విశ్వాసం షరతు కాలేదు.

దేవుడు లేని ధ్యానం కొంగజపమేనన్నది ఓంకారం కావాలనే పక్షం మాట. బ్రిటన్ బడుల్లో ఎనిమిది వేలకు పైగా పిల్లలతో ఇలాంటి ధ్యానంపై జరిపిన పరిశీలనలో ప్రత్యేక లాభం కనిపించలేదన్న 2022 ఫలితాన్ని వారు చూపవచ్చు. ఆ పిల్లల్లో చాలామంది ఇంటి దగ్గర సాధన చేయనేలేదన్నది కూడా ఆ ఫలితంలో భాగమే.

వారికి మరో చిక్కు రాజ్యాంగంలోని 28వ అధికరణ. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కుదరదు. సహాయం పొందే సంస్థలోనూ సమ్మతి లేకుండా ఎవరినీ ఆరాధనకు కూర్చోబెట్టకూడదు. దాంతో ఓంకారం కావాలనేవారే అది మతం కాదని చెప్పుకోవలసి వస్తోంది.

విశ్వాసం లేని ధ్యానం దిగుమతి సరుకన్న మాట కూడా నిలవదు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలపడానికి కట్టిన సంస్థను 1929లో తానే రద్దు చేశారు. గురువునూ గ్రంథాన్నీ మంత్రాన్నీ తోసిపుచ్చి, చివరిదాకా ధ్యానం గురించే మాట్లాడారు. కాకపోతే పద్ధతి పెట్టుకుని చేసే సాధనను కూడా ఆయన ధ్యానమనలేదు. ఆ లెక్కన ఎనిమిది వారాల శిక్షణకూ ఆయన దగ్గర చోటు లేదు.