నారుకు గాలి తగలాలి

కిటికీ గట్టు మీద ప్రోట్రేలో, అంటే చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ట్రేలో పోసిన టమాట నారు జానెడైనా ఎదగకముందే పక్కకు వాలిపోతున్నదని, ఏదైనా ఎరువు వేయాలా అని హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు అడిగారు. ఎరువు వేస్తే ఆ నారు ఇంకా సాగుతుందే తప్ప నిలబడదు. వెలుతురు చాలకపోవడం మొదటి కారణం కనుక ట్రేను ఎండ పడే చోటికి జరపాలి. అయితే గదిలో నారుకు కరువైనది మరొకటి ఉన్నది, అది గాలి.

వరంగల్ చుట్టుపక్కల ఆరుబయట పోసిన మిరప నారుమడిలో గాలి వీచినప్పుడల్లా మొక్కలు ఊగి, ఒకదానికొకటి రాసుకుంటాయి. కాండం వంగిన ప్రతిసారీ కణాల్లోకి కాల్షియం అయాన్లు చొరబడతాయి, కాల్‌మాడ్యులిన్ అనే ప్రొటీన్ వాటిని పట్టుకుని ఆ కబురును ముందుకు పంపుతుంది, చివరికి కాండాన్ని సాగదీసే జిబ్బరెల్లిన్ హార్మోను తగ్గి, కాండం పొట్టిగా, గట్టిగా తయారవుతుంది. ఈ మార్పుకు 1973లో వృక్షశాస్త్రవేత్త మార్క్ జాఫ్ థిగ్మోమార్ఫోజెనెసిస్ అని పేరు పెట్టారు. గ్రీకులో థిగ్మా అంటే స్పర్శ. అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కపై నీళ్లు చల్లినా, గాలి విసిరినా, చేత్తో తాకినా 10 నుంచి 30 నిమిషాల్లోనే కొన్ని జన్యువుల ఆర్‌ఎన్‌ఏ, అంటే జన్యువు పని మొదలుపెట్టినప్పుడు తయారయ్యే దాని నకలు, 100 రెట్ల దాకా పెరుగుతుందని 1990లో శాస్త్రవేత్తలు జానెట్ బ్రామ్, రొనాల్డ్ డేవిస్ చూపారు. తాకిన సంగతి మొక్కకు అంత త్వరగా తెలుస్తుందన్నది నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

పిందెకు వేలు చూపితే కుళ్లిపోతుందని మన ఇళ్లలో పిల్లల చేతులు వెనక్కి లాగుతారు. పరాగసంపర్కం సరిగా జరగని పిందె ఎవరూ వేలు చూపకపోయినా రాలుతుంది. గాలి తగలని గదిలో చేతి స్పర్శే ఆ పని చేస్తుంది కనుక, ఆ పిల్లలకే నారు ట్రే అప్పగించి, రోజూ నిమరమనడం మంచి పాఠమవుతుంది.

గత వానాకాలం నేను రెండు ట్రేల టమాట నారును పక్కపక్కనే పెట్టి, ఒకదాని చివుళ్ల మీదుగా మాత్రమే పొద్దున, సాయంత్రం అట్టముక్కను తగిలీ తగలనట్టు పదేసి సార్లు నడిపాను. మూడో వారానికి ఆ మొక్కలు పొట్టిగా, నిటారుగా నిలిచాయి. రెండో ట్రేకు పుల్లలు గుచ్చి ఆనించవలసి వచ్చింది.

ఆకులు తడిగా ఉన్నప్పుడు నిమిరితే తెగుళ్లు పాకుతాయి. బీడీ, జర్దా అంటిన చేతులతో పొగాకు మొజాయిక్ వైరస్ టమాటకు సోకవచ్చు కనుక సబ్బుతో కడుక్కోవాలి. మిరప లేత ఆకులు రాపిడికి దెబ్బతింటాయి కాబట్టి, ఆ నారుకు కాస్త దూరంలో ఫ్యాన్‌ను తక్కువ వేగంతో తిప్పడం మేలు. ఏ నారుకైనా ఈ నిమరడమో, ఫ్యాన్ గాలో నాటే రోజు దాకా కొనసాగించాలి, ఎందుకంటే మానేసిన కొద్ది రోజుల్లోనే కాండం మళ్లీ సాగడం మొదలుపెడుతుంది.