నిద్రతో తీరని నీరసం

రాత్రంతా హాయిగా నిద్రపోయినా, పొద్దున పుస్తకం తెరవగానే మళ్లీ అదే నీరసం. సెలవుల్లో కోలుకున్నట్టే ఉంటుంది. సెమిస్టర్ మొదలైన వారానికే కథ మొదటికొస్తుంది. ఇది ఉత్త అలసట కాదు, 'బర్నవుట్' కావచ్చు; అంటే ఎడతెగని ఒత్తిడితో మనసు ఇంకిపోవడం.

'బర్నవుట్' అనే మాటను 1974లో మనస్తత్వశాస్త్రంలోకి తెచ్చినవాడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్. ఉచిత వైద్యశాలల్లో పనిచేసేవాళ్లను చూసి రాశాడు. ఇది ఎక్కువగా ఎవరికి వస్తుందంటే, మనసుపెట్టి పనిచేసేవాళ్లకే అన్నాడు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దీన్ని కొలిచే ప్రశ్నావళిని ప్రచురించారు. 2002లో విల్మర్ షౌఫెలి బృందం దాన్ని విద్యార్థులకు తగ్గట్టు మార్చింది. అందులో చూసేవి మూడు: సత్తువ ఇంకిపోవడం, చదువు మీద విరక్తి, 'నా వల్ల కాదు' అన్న భావం.

నడిమిదాన్నే మనం సరిగా అర్థం చేసుకోం. 'ఈ డిగ్రీతో ఒరిగేదేముంది' అని వెటకారమాడే కుర్రాణ్ణి బద్ధకస్తుడి కింద జమకట్టేస్తాం. చాలాసార్లు ఆ వెటకారం మనసు తొడుక్కున్న కవచం. అక్కర్లేదనుకున్న చోట ఓడిపోయినా అంత నొప్పి ఉండదు కదా!

మరి ఆ కవచం అవసరం ఎందుకొచ్చింది? పని ఎక్కువైనందుకే కాదు. పని ఒత్తిడి ఎక్కువై, దాని మీద మన అదుపు తక్కువైనప్పుడే మనిషి బాగా నలుగుతాడని 1979లో రాబర్ట్ కరాసెక్ ప్రతిపాదించాడు. సిలబస్, గడువు, పరీక్ష తేదీ అన్నీ ఎవరో పెట్టినవే అయిన విద్యార్థికి ఈ మాట బాగానే అతుకుతుంది.

దానికి తోడు పరిపూర్ణత పిచ్చి. ఇందులోనూ రకాలున్నాయి. నేను పెట్టుకున్న గీత వేరు, 'తప్పు చేస్తే అందరూ నన్ను తీసిపారేస్తారు' అన్న భయం వేరు. బర్నవుట్‌తో గట్టిగా ముడిపడింది రెండోదే. అమెరికా, కెనడా, బ్రిటన్ కాలేజీ విద్యార్థుల్లో 1989 నుంచి 2016 దాకా అన్నిటికంటే ఎక్కువగా పెరిగిందీ అదేనని థామస్ కరన్, ఆండ్రూ హిల్ లెక్కగట్టారు.

ఆ భయంతోనే అసైన్‌మెంట్ రేపటికి వాయిదా పడుతుంది. వాయిదా వేయగానే ప్రాణం తేలికపడుతుంది, ఆ తేలికే అలవాటవుతుంది. చివరి రాత్రి జాగారం, అరకొర మార్కులు. 'నా వల్ల కాదు' అన్న అనుమానానికి చేజేతులా సాక్ష్యం దొరికినట్టే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో బర్నవుట్ జబ్బు కాదు; పైగా ఆ మాటను ఉద్యోగానికే పరిమితం చేసింది. డిప్రెషన్ అలా కాదు, అది జబ్బే. విరక్తి చదువు దాటి ఆటపాటలకూ స్నేహితులకూ తిండికీ పాకితే, అది డిప్రెషనేమో డాక్టర్ చూడాలి.