ముందు అడిగి, తర్వాత పిలవండి

చిరంజీవులు చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మీరు రాసిన బంతి ఆట నాన్న ఆండ్రాయిడ్ ఫోన్లో చక్కగా ఆడుతోందనీ, అమ్మ ఐఫోన్లో మాత్రం బంతి గోడకు తగలగానే కొయ్యబారిపోతోందనీ రాశారు. "ప్రోగ్రాం ఒకటే కదా తాతయ్యా, ఎందుకిలా?" అన్నారు. మంచి ప్రశ్న.

మీ ప్రోగ్రాం చూశాను. బంతి తగిలినప్పుడు ఫోన్ 200 మిల్లీసెకన్లు వణకాలని నావిగేటర్.వైబ్రేట్ అనే, పిలిస్తే ఒక పని చేసిపెట్టే ఫంక్షన్‌ని పిలిచారు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో అది ఉంది, ఐఫోన్ బ్రౌజర్ సఫారీలో లేదు. లేనిదాన్ని పిలిస్తే జావాస్క్రిప్ట్ టైప్ఎర్రర్ అనే తప్పు చూపించి అక్కడే ఆగుతుంది. కింద మీరు రాసిన స్కోరు లైను దాకా రానే రాదు. పేజీ రాసింది మీరే అయినా, ఫంక్షన్లు ఏ ఫోన్ బ్రౌజర్‌వి ఆ బ్రౌజర్‌వే. ఆట నడిచేటప్పుడు గానీ ఉందో లేదో తెలియదు.

మా ఊళ్లో డీజిల్ ఇంజనుతో ఆడే పిండిమర ఉండేది, ఊరికి ఆ చివర. సంక్రాంతి ముందు అరిసెలకి నానబోసిన బియ్యం వడగట్టి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. ఇంజను ఆడుతుంటే టుకుటుకుమని మా వాకిట్లోకి వినిపించేది. గంప ఎత్తే ముందు మా నాయనమ్మ, "ఒరేయ్, మర ఆడుతోందేమో చెవి పెట్టి విను" అనేది. చప్పుడు లేదంటే గంప కదిలేది కాదు. బియ్యం రోట్లో పోసి ఇద్దరు ఆడవాళ్లు చెరో రోకలీ పట్టుకునేవారు. పిల్లలం జల్లెడ పట్టేవాళ్లం. ఆ దంపుడు పిండితో చేసిన అరిసెలు ఎంత మెత్తగా ఉండేవో! ఇంటికి రండి, అమ్మమ్మ చేత చేయిస్తాను.

మీరూ అలాగే చెవి పెట్టి వినాలి. అందుకే, ఒక పేరు వెనుక ఏ రకం వస్తువుందో దాన్ని పిలవకుండానే చెప్పే టైపాఫ్ ఉంది:

ఇఫ్ (టైపాఫ్ నావిగేటర్.వైబ్రేట్ === "ఫంక్షన్")

టైప్ చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే అనుకోండి. "ఫంక్షన్" అని వస్తేనే పిలవండి. ఐఫోన్లో "అన్‌డిఫైన్డ్" అని, అంటే అలాంటిదేదీ లేదని వస్తుంది, ఎర్రర్ రాదు. చప్పుడు వింటే బియ్యం ఖర్చవదు కదా! ఇక్కడ వైబ్రేట్ పక్కన బ్రాకెట్లు మాత్రం పెట్టకండి. పెడితే వినడం మానేసి గంపెత్తుకుని బయల్దేరినట్టే. మర లేనప్పటి రోలులా, లేకపోతే అనే అర్థమున్న ఎల్స్‌లో ఇంకో దారి చూపండి, బంతి రంగు మార్చినా చాలు. ఇంకోటి, మర తీసేశాక కూడా బోర్డు వేలాడుతూ ఉండొచ్చు. వైబ్రేట్ అన్న పేరులో ఎవరైనా ఒక అంకె దాచారనుకోండి, పేరుంటుంది, పని జరగదు. అందుకే "ఉందా" అని కాక "ఫంక్షనేనా" అని అడగడం.

"ఐఫోన్ అయితే వద్దు" అని రాసేస్తే పోలేదా అని చిన్నూ అంటాడని తెలుసు. వద్దురా. ఇవాళ లేనిది రేపటి అప్‌డేట్‌లో రావచ్చు. ఎవరి పేరో, ఊరో చూసి వీళ్లకి ఈ పని రాదని తేల్చేయకూడదు. నేరుగా అడగాలి. మనుషుల దగ్గరైనా అంతే.

ఇప్పుడు కంప్యూటర్లో క్రోమ్ తెరిచి, ఎఫ్12 నొక్కి, ఆదేశాలు రాసి చూసే కన్సోల్‌లో టైపాఫ్ రాసి పక్కన బుజ్జి పేరు రాయండి. ఆ పేరు మీరెక్కడా పెట్టకపోయినా కోప్పడకుండా "అన్‌డిఫైన్డ్" అంటుంది. టైపాఫ్ తీసేసి, పేరు పక్కన బ్రాకెట్లు పెట్టి చూడండి, ఎర్రటి అక్షరాలొస్తాయి. తర్వాత టైపాఫ్ నావిగేటర్.వైబ్రేట్ అడగండి. కంప్యూటర్లో కూడా "ఫంక్షన్" అనే వస్తుంది! కానీ పిలిస్తే బల్ల మీది కంప్యూటర్ వణకదు. ఎందుకో మీ ఇద్దరూ ఆలోచించి నాకు రాయండి.

మీ తాతయ్య