బడి వేళకు బడి వీధిలో కార్లు వద్దంటే: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను రోడ్డు భద్రత చూసే సివిల్ ఇంజినీరుని. ఉండేది ఒడిశాలోని బరంపురంలో. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో బడుల ముందు రోడ్లు కొలవడం, జీబ్రా గీతలు ఎక్కడ వెయ్యాలో, స్పీడ్ బ్రేకర్ ఎక్కడ కట్టాలో చెప్పడం నా పని. బడి మొదలయ్యేటప్పుడు, వదిలేటప్పుడు ఒక అరగంటో ముప్పావుగంటో గేటున్న వీధిలోకి కార్లు రాకుండా ఆపుదాం అంటే చాలు, ఎక్కడైనా దాదాపు ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: మన ఊళ్లో కార్లెన్నని? ఇది పెద్ద నగరాల గొడవ.

కార్లని లెక్కపెట్టే ముందు వీధి వెడల్పు చూడాలి. ఇరవై అడుగుల వీధి అనుకోండి, అంటే ఆరు మీటర్లు. మామూలు కారు వెడల్పు 1.7 మీటర్లు. అటూ ఇటూ ఒక్కో కారు ఆగితే మధ్యలో మిగిలేది 2.6 మీటర్లు. అందులోకి మూడో కారు దూరింది, ఎదురుగా పిల్లల ఆటో వచ్చింది, దాని వెనక నాలుగు స్కూటీలు. ఇక ఎవరూ కదలరు. నడిచి వచ్చే పిల్లలకి మిగిలేది మురికి కాలువ అంచు. మూడు కార్లు చాలు వీధి మొత్తం మూసుకుపోవడానికి.

అపోహ: ప్రమాదాలు హైవే మీద జరుగుతాయి. బడి సందులో స్పీడెక్కడిది?

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే. సందులో స్పీడు తక్కువ, నిజమే. కానీ గంటకి 30 కిలోమీటర్లంటే సెకనుకి ఎనిమిది మీటర్ల పైనే. పిల్లాడు కనబడ్డాక డ్రైవరు కాలు బ్రేకు మీదకి వెళ్లేలోపే బండి రెండు కార్ల పొడవు ముందుకి పోతుంది. నా భయం అసలు ముందుకి వెళ్లే బండి గురించి కాదు, వెనక్కి వచ్చే బండి గురించి.

మొన్న వానాకాలంలో ఒక బడి ముందు నా కళ్లారా చూశాను. గంట కొట్టారు. రెండో తరగతి పిల్లాడు, వీపు నిండా బ్యాగు, చేతిలో మడిచిన గొడుగు. ఆగి ఉన్న రెండు కార్ల మధ్యనుంచి బయటికి వస్తున్నాడు. ముందున్న కారు రివర్స్ మొదలైంది. పక్కనే బఠాణీలు అమ్మే ఆయన పరిగెత్తుకొచ్చి డిక్కీ మీద రెండు దెబ్బలు కొట్టాడు. కారు ఆగింది. పిల్లాడికి అసలేం జరిగిందో కూడా తెలీదు, గొడుగు ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

అందరూ వెళ్లాక నేను అదే చోట, ఆగి ఉన్న ఇంకో కారు వెనక మోకాళ్ల మీద కూర్చుని చూశాను. రెండో తరగతి పిల్లల కళ్లు నేలకి మీటరుకి కాస్త పైన ఉంటాయంతే. ఆ ఎత్తునుంచి రోడ్డు కనబడలేదు. ఎర్ర లైటు, నంబరు ప్లేటు, పొగ గొట్టం కనబడ్డాయి. డ్రైవరుకి వాడూ అంతే, వెనక అద్దంలోకి రాడు. 2019 జూలై నుంచి కొత్త కార్లకి రివర్స్ సెన్సర్ తప్పనిసరి చేశారు కానీ, పాత బండ్లు ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. ఈ సంగతి బడివాళ్లకి చెబితే, గేటు బయట జరిగేది మా బాధ్యత కాదన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అపోహ: గేటు దాకా కారులో దింపితేనే మా పిల్లలు సేఫ్.

"అన్నయ్యగారూ, పాప గేటు లోపలికి వెళ్తేగానీ నాకు టెన్షన్ తగ్గదు," అంది ఒకావిడ. "గేటు దాకా రండమ్మా, ఎవరు వద్దన్నారు? కారు మాత్రం మలుపు దగ్గర ఆపి, చెయ్యి పట్టుకుని తీసుకురండి," అన్నాను. కారులో ఉన్న పాప సేఫే. ఆ కారు పక్కనుంచి నడిచే పిల్లల సంగతేంటి? విద్యాహక్కు చట్టం నియమాల ప్రకారం ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలి. సర్కారు బడి పిల్లల్లో ఎక్కువమంది నడిచే వస్తారు. పక్క ప్రైవేటు బడి కార్ల మధ్యనుంచి వాళ్లే దారి వెతుక్కోవాలి. నేను ఈ పని పట్టుకుని వేలాడేది ముఖ్యంగా వాళ్ల కోసం.

అపోహ: ఇక్కడ ఆపితే ట్రాఫిక్ అంతా పక్క వీధి మీద పడుతుంది.

ఇటలీలో బొల్జానో అనే పట్టణం 1989లోనే బడి వేళకి వీధులు మూయడం మొదలుపెట్టింది. తర్వాత చాలా దేశాల్లో చేశారు. అలా చేసిన చోట్ల జరిగిన అధ్యయనాల్ని తీసి ఎడిన్‌బరో నేపియర్ విశ్వవిద్యాలయం 2020లో పరిశీలించింది. దాదాపు అన్నిచోట్లా బడి వీధి, చుట్టుపక్కల వీధులు కలిపి చూసినా బండ్లు తగ్గాయనే తేలింది. ఎందుకంటే ఆ వేళకి అక్కడ జామ్ చేసేది చాలావరకు పిల్లల కోసం వచ్చే బండ్లే. గేటు దాకా వెళ్లడం కుదరదని తెలిశాక దగ్గరివాళ్లు నడుస్తారు, కొందరు పది నిమిషాలు ముందొస్తారు. మన దగ్గర ఒక జాగ్రత్త తీసుకోవాలి. కారు ఆపి నడిచి రావడానికి ఒక చోటు ముందే చూపించాలి. ఉదయం ఖాళీగా ఉండే కల్యాణ మండపం ఆవరణ దొరికితే అంతకన్నా ఏం కావాలి. అది చూపించకుండా తాడు కడితే మాత్రం గొడవలే.

అపోహ: ఆ వీధిలో ఉండేవాళ్లు, అంబులెన్సు, నడవలేని పిల్లలు ఏమైపోవాలి?

వాళ్లని ఎవరూ ఆపరు. అన్నిచోట్లా వాళ్లకి మినహాయింపు ఉంటుంది.

అపోహ: మనవాళ్లు మాట వినరు.

ఈ మాట బరంపురంలో ఎవరన్నా అంటే నాకు కోపం వస్తుంది. రెండేళ్లకోసారి మన అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర వస్తుంది కదా? ఆ రోజుల్లో పాత బస్తీ వీధుల్లో బండ్లు ఆపితే మనం బండి ఎక్కడో పెట్టి, పిల్లల్ని భుజాన వేసుకుని నడిచి వెళ్లడం లేదా? అమ్మవారి కోసం అన్ని రోజులు ఆగే ఊరు పిల్లల కోసం రోజుకి రెండు ముప్పావుగంటలు ఆగుతుంది. అడిగే తీరులో అడగాలి.

అపోహ: మన చట్టంలో ఇలాంటిది లేదు.

ఉంది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 115. ప్రజల భద్రత కోసం ఒక రోడ్డు మీద వాహనాల్ని ఆపే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన అధికారికి ఉంది. అసలు చాలామందికి తెలియనిది తర్వాతి మాట: నెల రోజులకి మించకపోతే గెజిట్ నోటిఫికేషన్ అక్కర్లేదు, ఊళ్లో తగినట్టు ప్రచారం చేస్తే చాలు. కాబట్టి మొదట ఒక నెల అడగండి. దరఖాస్తుతో పాటు వీధి పటం, ఆపే సమయాలు, కార్లు నిలిపే చోటు, మినహాయింపుల జాబితా పెట్టండి. వీధి మొదట్లో నిలబడటానికి ఇద్దరు తల్లిదండ్రులు రోజువారీ వంతు వేసుకున్నామని కూడా రాయండి. ట్రాఫిక్ పోలీసుకి మనిషి తక్కువైనా పని ఆగదు.

అపోహ: ఏప్రిల్ ఎండలో పిల్లల్ని నడిపిస్తారా?

నడిచేది వంద, నూట యాభై మీటర్లు. పైగా ఎండలు ముదిరితే ఒడిశాలో బడులు ఉదయం ఆరున్నరకే మొదలై పదిన్నరకి వదిలేస్తాయి. మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, బడి టైము మారిన రోజే వీధి ఆపే టైమూ మారాలి. అందుకే ఆ మొదటి నెల బోర్డు మీద "బడి వీధి, కార్లకు ప్రవేశం లేదు" అన్నంతవరకే ఒడియాలోనూ తెలుగులోనూ పెయింటుతో రాయించమంటాను. కింద పలకంత నల్లరంగు పూస్తే, టైము సుద్దతో రాసుకోవచ్చు.